కింది డెక్కు మీది చారల గౌన్లు

మా మేనత్త ఐదేళ్లప్పుడు రంగూన్ నుంచి ఓడలో వచ్చింది. యుద్ధం ముంచుకొస్తోందని తాత అక్కడి కూలిపని వదిలేసి, నానమ్మనూ ఇద్దరు ఆడపిల్లలనూ తీసుకుని బయల్దేరాడు. విశాఖలో దిగేసరికి ఒక్క పిల్లే మిగిలింది. ఎనిమిదేళ్ల పెద్దపిల్ల జ్వరమొచ్చి ఓడలోనే పోయింది. సముద్రంలో వదిలారు. తర్వాత వాళ్లు పినపాక వైపు వచ్చి అడవి అంచున సేద్యం చేసుకున్నారు. మా నాన్న ఇక్కడే పుట్టాడు.

నేను మణుగూరులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. తోచక, ఫోనులో పాత ఓడల ఫొటోలు పెట్టే ఒక గ్రూపులో చేరాను. ఇందులో ఉన్నదెవరు, ఇది ఏ డెక్కు, ఏ రేవు అని అడుగుతారు. తెలిసినవాళ్లు చెబుతారు. పోయినేడు ఒక ఫొటో కింద, అత్త నోట ఎన్నోసార్లు విన్న ఓడ పేరు కనబడింది. ఫోను పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను.

పై డెక్కు మీద కుర్చీల్లో నలుగురు దొరలు, ఒక కుక్క. కింది డెక్కు నిండా జనం, మూటలు.

"పెద్దగ చెయ్," అంది అత్త. చేశాను.

"గీ గొలుసు పక్కనే మా జాగ. గిదిగో అమ్మ. గీ చారల గౌను మా అక్క. నాయిన అంగీ చింపి అమ్మ ఇద్దరికీ కుట్టింది. పక్కన నేనే."

నిజమే. ఇద్దరు పిల్లల ఒంటి మీదా ఒకే గుడ్డ. అత్త వేలితో అక్క ముఖం తడమబోతే తెర మీది ఫొటో పక్కకు జరిగిపోయింది.

"ఏడికి పోయిందిరా?" అని అత్త కంగారుపడింది.

ఆ ఫొటో కింద దొరల పేర్లున్నాయి. కుక్క పేరూ ఉంది. కింద జనానికి 'డెక్కు ప్రయాణికులు, వివరాలు తెలియవు' అని ఉంది. నేను మావాళ్ల పేర్లు రాసి పంపాను. కాగితాల ఆధారం కావాలని, ఐదేళ్ల పిల్ల జ్ఞాపకం చెల్లదని గ్రూపు నడిపేవాళ్ల నుంచి జవాబొచ్చింది. కుక్క పేరు ఎలా తెలిసిందని అడిగాను. కెప్టెన్ మనవడు ఇంట్లో విన్నది చెప్పాడట.

"పేర్లు ఎక్కించిండ్రా?" అని అత్త రోజూ అడిగేది. ఒకరోజు విసిగిపోయి, "అవ్, ఎక్కించిండ్రు" అనేశాను.

ఆమె వాడంతా చెప్పుకుంది. నలుగురిని కూర్చోబెట్టి తన మనవరాలితో ఫోనులో ఆ ఫొటో తెరిపించింది. మనవరాలు ఉన్నది ఉన్నట్టు చదివింది.

మర్నాడు నేను వెళ్లేసరికి అత్త అరుగు మీద ఉంది.

"కుక్క పేరు గూడ ఉన్నదట గదరా."

"నువ్వు బాధపడతవని అట్ల చెప్పిన అత్తా."

"బాధ నాకు కొత్తనా? ఎక్కియ్యలేదంటే వాళ్లను నాలుగు తిట్టి ఊకుందును. నువ్వు చెప్పినవని అమ్మను తలుసుకొని, నీ బిడ్డ పేరు నిలబడ్డదే అని మొక్కుకున్న. ఇప్పుడామెకు ఏం చెప్పాలె?"

ఇంటికొచ్చాను. గ్రూపులో మళ్లీ గట్టిగా రాశాను. సాయంత్రానికి నా రాత తీసేసి, నన్నూ తీసేశారు.

ఇప్పటికీ వెళితే అత్త కూర్చోమంటుంది, టీ ఇప్పిస్తుంది. ఓడ మాట ఎత్తితే మాత్రం లేచి లోపలికి పోతుంది. ఆ పెద్దపిల్ల గురించి నాకు తెలియనిది ఇంకా ఎంతో ఉంది. చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే.