నేను పంపిన వీడియో కోర్టులో వేశారు

దేవునికి స్తోత్రం. దాచిన పాపాన్ని సైతం వెలుగులోకి తెచ్చే ప్రభువును స్తుతిస్తూ ఇది రాస్తున్నాను.

మాది ఉయ్యూరు. మా తమ్ముడు విజయవాడకు కూరగాయల ఆటో తోలేవాడు. ఆ దారిలో ఆటో గుద్ది, సైకిల్ మీద వెళ్తున్న ఒకాయన చనిపోతే పోలీసులు తమ్ముడి మీద కేసు పెట్టారు. ఆ బండి తనది కాదన్నాడు. మేం నమ్మాం. చూసినవాళ్లు లేరు కాబట్టి కేసు నిలవదని లాయరు గారు కూడా అన్నారు.

ఒక ఆదివారం ఆరాధనలో తమ్ముడు లేచి ఏడ్చేశాడు. "గుద్దింది నేనేనండీ. ఆపకుండా వచ్చేశాను. దేవుడు నన్ను క్షమించాడు" అని సాక్ష్యం చెప్పాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆ సంతోషంలో నేను ఫోన్‌లో తీసిన వీడియోను తెలిసినవాళ్లందరికీ వాట్సాప్‌లో పంపేశాను.

అది ఫోన్లు మారి పోలీసులకు చేరింది. కొన్ని వారాలకు కోర్టులో ఆ వీడియోనే వేశారు. తమ్ముడి మాటల మధ్య "హల్లెలూయా!" అని అరిచిన గొంతు నాదే. తీర్పు రోజున తమ్ముడికి జైలు శిక్ష పడింది.

"నా వల్లే కదరా" అని కోర్టు వరండాలో ఏడుస్తుంటే, "నువ్వు పంపకపోతే మాత్రం, నేను చేసింది చెరిగిపోద్దా అక్కా?" అన్నాడు.

అంతలో చనిపోయినాయన భార్య వాడి ముందుకొచ్చి నిలబడింది. "దేవుడు క్షమించాడన్నావు. నన్నడిగావా బాబూ?" అంది.

నాకు శిక్షకన్నా ఆ మాటే పిడుగులా తగిలింది. ఆ రోజు చప్పట్లు కొట్టిన మాలో ఒక్కరికీ ఆమె గుర్తురాలేదు. ప్రియ పాఠకులారా, ముందు ఆమె కోసం, ఆ తర్వాత మా కోసం నాతో కలిసి ప్రార్థించండి.