ఇరవై తొమ్మిది రాడ్ల లోతు

పద్దెనిమిదేళ్లుగా కర్నూలులో డిగ్రీ పిల్లలకు ఉష్ణం పాఠం చెబుతున్నాను. భూమి లోపలికి పోయేకొద్దీ వేడి పెరుగుతుందని ఏటా బోర్డు మీద గీత గీసి చూపిస్తాను. ఆ గీతను నా చేత్తో కొలిచింది మాత్రం ఎన్నడూ లేదు. అందుకే భూతాప శక్తి పరిశోధన మీద కడపలో ఒక కళాశాల రెండు రోజుల సదస్సు పెడుతోందనీ, రెండో రోజు పొలాల్లో కొలతలు తీయిస్తారనీ నోటీసు రాగానే, ఇంట్లో ఎవరినీ అడక్కుండానే పేరు పంపేశాను.

మార్చి మొదటి వారం. ఉదయం ఐదుంబావుకు కర్నూలు బస్టాండులో కడప బస్సు ఎక్కాను. వెళ్లేవాళ్లెవరైనా ఉంటే కుడివైపు సీటు చూసుకోండి, నంద్యాల దాకా ఎండ తగలదు. ఏడున్నరకు నంద్యాలలో బస్సు పావుగంట ఆగింది. ఉగ్గాని, బజ్జీ తిని మళ్లీ ఎక్కేసరికి నా పక్కన ఉల్లిగడ్డల వ్యాపారం చేసే ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"యాడికి పోతాండావమ్మా?"

"కడపకు. భూమి లోపలి వేడి గురించి మీటింగు ఉంది."

ఆయన కిటికీలోంచి బయట ఎండను చూసి నవ్వాడు. "పైనుండేది చాలదనా, లోపల్ది గూడా తవ్వల్ల?"

పదిన్నరకు కడప. బస్టాండు దగ్గరి లాడ్జిలో సంచి పడేసి ఆటోలో కళాశాల చేరాను. హాల్లో నలభైమంది దాకా ఉన్నాం. ముఖ్య ప్రసంగం హైదరాబాదు నుంచి వచ్చిన రంగనాథం గారిది. డెబ్బై దాటిన విశ్రాంత శాస్త్రవేత్త, బక్కపలచని మనిషి, గొంతు మాత్రం గట్టిది. నేల లోపలి వేడి తెలియాలంటే వందల అడుగుల రంధ్రం కావాలనీ, అది తవ్వించే డబ్బు ఏ పరిశోధనకూ దొరకదనీ చెప్పి, "రాయలసీమలో మనకా బాధ లేదు. నీళ్లు పడని బోర్లు ఊరికి వందున్నాయి. రైతులు మన కోసం ముందే తవ్వి పెట్టారు" అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మర్నాడు సంచి సర్దుకుని లాడ్జి ఖాళీ చేశాను. ఏడు గంటలకు కళాశాల వ్యానులో బయల్దేరాం. మా జట్టులో ఆరుగురం. రంగనాథం గారు, నేను, ముగ్గురు పరిశోధక విద్యార్థులు, అన్నీ ఏర్పాటు చేసిన కిరణ్ అనే కుర్ర అధ్యాపకుడు. మైదుకూరు దాటాక మట్టిరోడ్డు పట్టుకుని ఆరు కిలోమీటర్లు లోపలికి పోయాం. మొదటి బోరు రాళ్లతో పూడిపోయి ఉంది. రెండోదాంట్లో వేడి కొలిచే తీగ వందడుగులకే అడ్డు తగిలి ఆగిపోయింది. ఇక మిగిలింది ఒక్కటి. శనగ కోసేసిన నల్లరేగడి చేలో, బండరాయి మూతపెట్టిన బోరు. కిరణ్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. అతని పరిశోధన అంతా ఈ కొలతల మీదే నడవాలి.

చేను రూతమ్మది. నలభై ఏళ్లుంటాయి. మూడెకరాలు, చేను పక్కనే రెండు గదుల ఇల్లు, గోడకు తెల్లసున్నంతో వేసిన సిలువ గుర్తు. ఆరేళ్ల కిందట బోరు వేయించారట. నీళ్లు పడకపోయేసరికి ఆమె భర్త ఏసోబు బోరు లారీ మీదే పనికి కుదిరి, ఇప్పుడు బళ్లారి పక్క ఊళ్లలో ఇతరుల చేలల్లో బోర్లు వేస్తున్నాడట. ఈ సంగతులన్నీ ఆమె నాకు మజ్జిగ అందిస్తూ చెప్పింది. అవతల విద్యార్థులు గడ్డపారలతో బండ పక్కకు నెడుతున్నారు.

"మేడం, మోటరు ఎంత లోతుకు దించల్లంటారు? మా ఇంటాయన అడగమన్యాడు."

నాకు అర్థం కాలేదు. కిరణ్ వైపు చూశాను. అతను నన్ను పక్కకు పిలిచి, "ఫోన్లో బోరు పరీక్ష అని మాత్రమే చెప్పాను మేడం. ముందు కొలత కానివ్వండి, తర్వాత చెబుదాం" అన్నాడు. మోసం చేసే మనిషి కాడు. భయపడ్డాడు, అంతే. కానీ ఆ మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని నేను మాట్లాడకుండా ఉండలేకపోయాను.

"రూతమ్మా, మేం నీళ్లు చూడ్డానికి రాలేదు. లోపల వేడి ఎంతుందో కొలవడానికి వచ్చాం. ఈ తీగ నీళ్లు పడతాయో లేదో చెప్పదు."

ఆమె నన్నూ, కిరణ్‌నూ మార్చిమార్చి చూసింది. "నీళ్ల సార్లొస్తాండారని పొద్దున్నే కోడిని కోస్తి గదా మేడం" అంది. తర్వాత పోయి ఆ బండ మీద కూర్చుంది. "మూసేసి పోండి. దీన్ని మర్సిపోయేకి నాకు ఆరేండ్లు పట్టింది."

రంగనాథం గారు మెల్లగా వచ్చి, ఆ నల్లమట్టిలోనే ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నారు.

"తప్పు మాదేనమ్మా. నిన్న నలభైమంది ముందు మీ బోర్ల గురించి నవ్వులాటగా మాట్లాడాను. ఈ పని వల్ల నీకు ఇప్పుడు లాభమేమీ లేదు. ఈ వేడితో చేసే కరెంటు కూడా నేను బతికుండగా ఇక్కణ్ణుంచి రాదు. అయితే ఈ నేల అడుగున ఏముందో తెలుసుకోవడానికి ఇంత లోతు కావాలి. తవ్వుకునే స్తోమత మాకు లేదు. నువ్వు వద్దంటే వెళ్లిపోతాం."

ఆమె చేలోని శనగ మోళ్ల వైపు ఒకసారి చూసింది.

"అంటే, నీళ్లు లేని బోరుకు గూడా పనుండాదంటారా సార్?"

"ఉందమ్మా."

"అట్లయితే రెండు మాటలు. ఎంత వేడుండాదో ముందు నాకు చెప్పల్ల. పోయేటప్పుడు గట్టిగా మూసిపోవల్ల. మేకలు, పిల్లోళ్లు తిరిగే జాగా ఇది."

తీగ చుట్టిన రాట్నాన్ని తిప్పే పని నేను అడిగి తీసుకున్నాను. తీగ కొసన ఉష్ణమాపకం, దాని అంకె పైన కొలతపెట్టెలో కనిపిస్తుంది. ప్రతి ఇరవై అడుగులకూ ఆపి, అంకె నిలకడ పడేదాకా నాలుగైదు నిమిషాలు ఆగాలి. అంకెను నేను పైకి చదవడం, రూతమ్మ దాన్ని తిరిగి పలకడం, తర్వాతే కిరణ్ రాసుకోవడం. వంద అడుగులు దాటాక, ఆపిన ప్రతిసారీ అంకె కాస్తకాస్త పెరగసాగింది. నేను బోర్డు మీద గీసే గీత ఇదే. నా అరచేతులు బొబ్బలెక్కుతున్నా రాట్నం ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

"వేడి దొరికింది సరే, ఎంత లోతున ఏ రాయి ఉందో తెలిస్తే లెక్క పూర్తయ్యేది" అన్నారు రంగనాథం గారు. "ఒక్కో రాయి ఒక్కోరకంగా వేడిని పోనిస్తుంది. బోరు వేసినప్పుడు వచ్చిన పొడిని ఎవరు దాస్తారు!"

రూతమ్మ లేచి ఇంట్లోకి పోయింది. అటక మీద ఏదో జరిపిన చప్పుడైంది. చీరకొంగుతో దుమ్ము తుడుస్తూ, కోడిగుడ్లు పెట్టే ముప్ఫై గుంతల అట్ట తెచ్చి రంగనాథం గారి ముందు పెట్టింది. ఇరవై తొమ్మిది గుంతల్లో పొడి. మొదట నలుపు, తర్వాత పసుపు కలిసిన మట్టి, తర్వాత బూడిదరంగు, కింది వరసల్లో పలకల్లా నల్లగా మెరిసే ముక్కలు.

"బోరేసే రాడ్డు ఇరవై అడుగులు సార్. ఒక్కో రాడ్డు దిగినప్పుడల్లా పిడికెడు తీసి పెడితి. ఇంగోసారి బోరేస్తే ఏ రాయి కాడ ఆగల్లో తెలుస్తాదని. మళ్లా ఏసేకి చేతగాలే."

"ఇలా దాచమని ఎవరు చెప్పారమ్మా?"

"ఎవురు చెప్తారు సార్? ఆ పొద్దు ఇంట్లో అదొకటే ఖాళీగా ఉండె."

రంగనాథం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత విద్యార్థులను పిలిచి, ఆమె చెబుతుంటే ఒక్కొక్క గుంతకూ సంచీ కట్టి చీటీ రాయించారు. సగం పొడి మాత్రమే తీసుకున్నారు. మిగతా సగం అట్టలోనే ఉంచి, జాగ్రత్తగా దాచమన్నారు.

అడుగున ముప్ఫై నాలుగు డిగ్రీల చిల్లర వచ్చింది. రూతమ్మ ఆ అంకెను రెండుసార్లు అనుకుంది. తీగను పైకి లాగుతుంటే, చివరి అరవై అడుగులు నా చేతులకు చల్లగా, జారుగా తగిలాయి. తడి. ఆమె నాకన్నా ముందే చూసింది. వచ్చి తీగను పిడికిట్లో పట్టుకుంది.

"ఆరేళ్లలో ఊరిన నీళ్లమ్మా," అన్నారు రంగనాథం గారు. ఆశ పెట్టకుండా ఉన్నదున్నట్టు చెప్పారు. "మోటరు పెడితే పది నిమిషాలు కూడా రావు."

ఆమె తలూపింది. తడిసిన చేతిని చీరకు తుడుచుకోలేదు.

ఒంటిగంటకు ఆమె ఇంటి వసారాలోనే భోజనం. రాగిసంగటి, కోడిపులుసు. వద్దని మేం మొహమాటపడితే, "కోసిన కోడి మళ్లా లేస్తాదా? తినండి" అని కసిరింది. కిరణ్ తల ఎత్తకుండా తింటుంటే అతనికే మరో ముద్ద వేసింది. తిన్నాక అతనే మైదుకూరు పోయి ఇనుప మూత, బోల్టులు తెచ్చి, దగ్గరుండి బిగించాడు. రూతమ్మ దాని మీద ఎక్కి నిలబడి చూసుకుని, నా ఫోను నంబరు తీసుకున్నాకే మమ్మల్ని పొమ్మంది.

నాలుగున్నరకు మైదుకూరులో కర్నూలు బస్సు దొరికింది. కూర్చోవడానికి చోటు దొరికినా కునుకు పట్టలేదు, చేతులు మండుతున్నాయి. రోడ్డుకు రెండు పక్కలా చేలు. ఆ చేలల్లో అక్కడక్కడా పాడుబడిన బోర్లకు మూతగా బండలు, ముళ్లకంపలు, తలకిందులుగా పెట్టిన గంపలు. నిన్న పొద్దున వచ్చేటప్పుడు వాటిని చూసినట్టే లేదు. వీటి కోసం నాలా కొలతపెట్టె పట్టుకుని వచ్చేవాళ్లకు ఒక్కటే చెప్పదలచుకున్నాను. మీకేం కావాలో ఇంటివాళ్లకు ముందే చెప్పండి. వాళ్ల దగ్గర ఏముందో మీకు తెలియదు.

ఆళ్లగడ్డ దాటాక ఫోను మోగింది. కొత్త నంబరు. వెనక యంత్రం హోరు.

"మేడం, నేను ఏసోబును. రూతమ్మ ఇంటాయన్ని. ముప్ఫై నాలుగంట గదా?"

"అవునండీ."

"అది గాదు మేడం. తీగకు తడి తగిలిందని చెప్పింది. నిజమేనా?"

"నిజమే. కానీ మోటరుకు చాలవని మా సారు అన్నారు."

"చాలవులే, నాకు తెలుసు. ఈ పనిలోనే ఉండా గదా." వెనక హోరు పెరిగితే గొంతు పెంచాడు.

"ఆ పొద్దు దుమ్ము దప్ప ఏం రాలేదు మేడం. లేవనుకునే ఊరు ఇడిస్తి," అన్నాడు. "ఉండాయి గదా."

"ఉన్నాయి," అన్నాను.