ఆరు బోల్టులు

మా బావ డెంటింగ్ మేస్త్రి. ముప్పయ్యేళ్లుగా సొట్టపడ్డ కార్లను సాపు చేయడమే ఆయన పని. కళ్లు మూసుకుని తలుపు మీద చెయ్యి పెట్టి ఒక్కసారి నిమిరితే చాలు, ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ ఎవడు లప్పం పూసి పని ఎగ్గొట్టాడో చెప్పేస్తాడు. ఇంట్లో మాత్రం చేతి కన్నా నోటికే పని ఎక్కువ. కంచం ముందు కూర్చున్నాడంటే కార్ల కంపెనీలను కడిగి పారేయడమే. "ముందు ఆ ముద్ద దింపండి, తర్వాత వాళ్లని ఏకుదురు గాని" అంటుంది మా అక్క.

బ్యాటరీ కార్లంటే ఈయనకి పడదని అందరూ అనుకుంటారు. కాదు. ఆ మోటారంటే ఆయనకి ప్రాణం. "పొగ లేదు, మసి లేదు. ఇన్నాళ్లూ అంత గొడవ దేనికి పడ్డామా అనిపిస్తుందిరా" అంటాడు. ఆయన కడుపుమంటంతా పైనున్న రేకు గురించి. వెనక చక్రం మీది రేకునీ పక్క రేకునీ కలిపి పైకప్పు దాకా ఒకే ముక్కగా అతికించేస్తున్నారు. సందులో స్తంభానికి గట్టిగా రాసుకుంటే చాలు, సగం కారు కోసి పారేయమంటారు. "ఆ ముక్క విడిగా చేసి ఆరు బోల్టులు పెడితే వాళ్ల సొమ్మేం పోయింది? ఊడదీసి, కొట్టి, మళ్లీ బిగించేస్తాను కదా!" ఈ ఆరు బోల్టుల గోల నేను ఆరువందల సార్లు విన్నాను.

అలాంటి మనిషి ఫోనుకి ఒక కంపెనీ నుంచి కబురొచ్చింది. కొత్త బ్యాటరీ కారు తెచ్చారట, అనుభవమున్న పనివాళ్లు వచ్చి చూసి అభిప్రాయం చెప్పాలట, అది నేరుగా కారు తయారుచేసేవాళ్లకే చేరుతుందట. బావ దాన్ని నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు. గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కాగితం మీద వెనక చక్రం మీది రేకు బొమ్మ గీసి, చుట్టూ ఆరు చుక్కలు పెట్టి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇన్నేళ్లకి నన్నడిగార్రా" అన్నాడు. తోడు రమ్మంటే నేనూ వాళ్ల షోరూముకి వెళ్లాను.

బావ కారంతా నిమిరి చూశాక, అక్కడి అమ్మాయి పలకలాంటి తెర ఒకటి ఇచ్చింది. "ఇందులో నొక్కుతూ వెళ్లండి అంకుల్." బావ నొక్కాడు. కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. సుత్తి పట్టీ పట్టీ కాయలు కాసిన వేళ్లు, ఆ తెరకి ఆనలేదు. రేకులో వెంట్రుకవాసి గుంటని పట్టే వేలది! నాకు ఒళ్లు మండిపోయింది. తెర లాక్కుని నేనే నొక్కడం మొదలుపెట్టాను.

రంగు నచ్చిందా? సీటు మెత్తగా ఉందా? పాటలు బాగా వినిపిస్తున్నాయా? బావ ఓపిగ్గానే జవాబులు చెప్పాడు, చెయ్యి మాత్రం జేబు మీదే ఉంది. చివరికి "మొత్తం మీద మీ అభిప్రాయం" అని వచ్చింది. కింద ఐదు నక్షత్రాలు, అంతే.

బావ కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఒక్కో చుక్క మీదా వేలు పెట్టి మొత్తం చెప్పాడు. పాపం, ఆ అమ్మాయి శ్రద్ధగానే వింది. విని, "బాగుంది అంకుల్. మరి ఎన్ని నక్షత్రాలు?" అంది.

"ఇది రాయడానికి చోటు లేదా తల్లీ?"

"లేదు అంకుల్."

"పోనీ ఈ కాగితం పంపిస్తావా?"

"ఎవరికి పంపాలో నాకూ తెలీదండీ."

"ఒక్కటి నొక్కి పడేస్తా బావా" అన్నాను.

"వద్దురా. మోటారుకి అన్యాయం చేసినట్టవుతుంది."

"అయితే ఐదు?"

"ఆ రేకుకా?"

మా వెనక నలుగురు వచ్చి నిలబడ్డారు. బావ ఎటూ తేల్చడు. నాకు విసుగొచ్చి మూడు నొక్కేశాను. తెర మీద "ధన్యవాదాలు" అని వచ్చి పోయింది. బావ కాగితం మళ్లీ మడిచాడు.

ఇంటికి రాగానే అక్క గుమ్మంలోనే అడిగింది. "చెప్పారా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

బావ ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. "మూడు" అన్నాడు.

అక్కకి అర్థం కాలేదు. నాకు సిగ్గేసింది. ఆ రోజు నుంచి అన్నం దగ్గర ఆరు బోల్టుల మాట ఎత్తడం మానేశాడు. తలొంచుకుని తిని లేచిపోతాడు. ఆ మూడూ నొక్కింది నా వేలే.