డంపర్ నడిపే బాపు, రూపాయి కారు

మొన్న కరీంనగర్‌లో మాల్‌కు వెళ్తే మా పిల్లలిద్దరూ కార్డు గీకి కారు ఆట మొదలుపెట్టారు. నా చేతులు ఊరుకుంటాయా? వాళ్లను పక్కకు నెట్టి నేనే కూర్చున్నాను. ఆట బాగానే ఉంది కానీ, కార్డు గీకితే మజా ఏముంది చెప్పండి? రూపాయి బిళ్ల గుప్పిట్లో వేడెక్కాలి. దాన్ని సందులో వెయ్యాలి. లోపలెక్కడో అది టంగుమని పడాలి. అప్పుడు తెర వెలగాలి! ఆ టంగుమనే చప్పుడు కోసమే గోదావరిఖనిలో నా చిన్నతనమంతా తగలేశాను. అందుకు నాకు ఇసుమంతైనా బాధ లేదు.

మా క్వార్టర్ల వీధి చివర, బొగ్గు గనుల కంపెనీ బస్సు ఆగే చోటికి ఎదురుగా ఉండేది ఆ వీడియో గేమ్ షాపు. షట్టరు సగం దించి లోపల చీకటి చేసి నాలుగు ఆట డబ్బాలు పెట్టుకున్నాడు ఓనరు. ఆయన కోస్తా నుంచి వచ్చిన మనిషి. పిల్లలను కూడా 'అండీ' అనేవాడు. "మెల్లగా కొట్టండీ, బటన్లు ఊడొస్తాయండీ" అని ఆయన బతిమాలుతుంటే మేం ఇంకా గట్టిగా బాదేవాళ్లం. గుద్దుకునే ఆట, విమానాలు కూల్చే ఆట, ఏది ఎందుకు పేలుతోందో ఎవరికీ అర్థం కాని ఇంకో ఆట. ఒకడు ఆడుతుంటే పదిమంది వాడి భుజాల మీద పడి సలహాలిచ్చేవారు. కరెంటు పోతే అందరం కలిసి పెట్టే గావుకేక బస్టాండు దాకా వినిపించేదట. అంత గుంపులో రెండు జడల దాన్ని నేనొక్కదాన్నే.

ఆ షాపులో మహారాజు మా బావ. అంటే మా మేనమామ కొడుకు. నాకన్నా రెండు క్లాసులు పెద్ద, పదింతలు గొప్పలు. ఏ డబ్బా మీద చూసినా వాడి రికార్డే ఉండేది. నేను విమానాల ఆటలో వాడి వెనకే ఉండేదాన్ని. అది వాడికి అస్సలు మింగుడు పడేది కాదు.

ఇలా ఉండగా షాపులోకి కారు వచ్చింది. మామూలు డబ్బా కాదు! కూర్చోవడానికి సీటు, పట్టుకోవడానికి స్టీరింగు, కింద తొక్కడానికి యాక్సిలరేటరు, బ్రేకు. ఆ వారం మా కాలనీలో ఎవరికీ అన్నం సహించలేదు. నేను బిళ్ల పట్టుకుని వరసలో నిల్చుంటే బావ అడ్డం నిలబడ్డాడు.

"ఆడిపిల్లకు స్టీరింగెందుకే? పోయి విమానాలు ఆడుకో."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా బాపు, అంటే మా నాన్న, నేల తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. డంపర్ అంటే మా క్వార్టర్ కన్నా ఎత్తు. నిచ్చెనెక్కి కూర్చోవాలి. దాని టైరు ముందు నేను నిలబడితే కనిపించను.

"మా బాపు డంపర్ నడుపుతడు. గీ బొమ్మ కారు మా బాపుకు ఒక లెక్కనా? నీ రికార్డు ఉఫ్ అని ఊదుతడు" అన్నాను.

"అయితే మామను తోల్కరా. గెలిస్తే ఐతారం నాడు కారు నీదే, నేను ముట్ట. ఓడిపోతే మాత్రం మల్ల నువ్వు ఈ షాపు మెట్టెక్కొద్దు. సరేనా?"

"సరే" అన్నాను. అనేముందు ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. డంపర్ తోలే మనిషి ఓడిపోవడమేంటి?

ఆ సాయంత్రం ఫస్టు షిఫ్టు బస్సు దిగిన బాపును అక్కడే పట్టుకున్నాను. మొహమంతా బొగ్గు దుమ్ము, చేతిలో టిఫిన్ గిన్నె. "ఒక్కసారి కారు నడుపు బాపూ, నాకు చూడాలనుంది" అని మాత్రం అన్నాను. పందెం మాట ఎత్తలేదు. "ఇదేం కారు బిడ్డా?" అంటూనే నా వెంట వచ్చాడు. ఎంత అలసిపోయినా నేనడిగితే కాదనడు.

షాపులో కాలు పెట్టే సందు లేదు. బావ స్వయంగా సీటు దులిపాడు. బాపు కూర్చోలేదు. డబ్బా చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. వెనక వైర్లు చూశాడు. మోకాళ్ల మీద వంగి కిందికి చూశాడు.

"ఏం వెతుకుతున్నారండీ?" అన్నాడు ఓనరు.

"బండెక్కే ముందు సుట్టు తిరిగి సూడాలె కద అన్నా. కింద ఎవలన్న ఉంటరు."

నిజంగానే ఉన్నాడు! జారిపోయిన బిళ్ల కోసం దూరిన ఓ బుడ్డోణ్ణి కాళ్లు పట్టి బయటికి లాగాడు బాపు. షాపంతా ఈలలు. నా గుండె రెండింతలయింది. చూశావా బావా, అనుకున్నాను.

తర్వాత సీట్లో కూర్చుని బెల్టు కోసం తడుముకున్నాడు. లేదు. అద్దం కోసం పక్కకు చూశాడు. లేదు. స్టీరింగు మధ్యలో నొక్కాడు. చప్పుడు రాలేదు.

"హారన్ ఉండదండీ దీనికి."

"హారన్ లేని బండిని బయటికెట్ల పంపుతరన్నా?" అని బాపు నిజంగానే ఆశ్చర్యపోయాడు. కాసేపు ఆలోచించి, నోటితోనే "పాం, పాం" అన్నాడు. అప్పుడు బిళ్ల వేశాడు.

పోటీ మొదలైంది. పక్కనున్న కార్లన్నీ బాణాల్లా దూసుకుపోయాయి. బాపు వాటన్నిటినీ పోనిచ్చి, అప్పుడు తాపీగా కదిలాడు. రోడ్డు అంచు వదలకుండా, పెళ్లి ఊరేగింపులా.

"తొక్కు మామా, తొక్కు!" బావకు కూడా ఆపుకోలేనంత ఆత్రం.

"ముంగట బండున్నది కద అల్లుడా. ఓవర్‌టేకు చెయ్యొద్దు."

"నీకు పోటీ వాడే మామా!"

"ఉండనీ. లోడుతోని పోతున్నడేమో."

మలుపొచ్చింది. బాపు బ్రేకు తొక్కి, ఆపి, అటూ ఇటూ చూసి, మళ్లీ "పాం" అన్నాడు. అంతే, టైమైపోయింది. మొదటి మలుపు కూడా దాటలేదు! బావ నేల మీద పడి దొర్లాడు. పిల్లలు ఒకర్నొకరు పట్టుకుని నవ్వారు. నేనూ కడుపు పట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. బాపు మాత్రం దిగి, ఓనరును పక్కకు పిలిచాడు.

"అన్నా, బ్రేకు లూజున్నది. వచ్చే షిఫ్టోనికి చెప్పు. రిపేరైనంకనే ఇయ్యుండ్రి బండి."

"అలాగేనండీ" అన్నాడు ఓనరు, అటెన్షన్‌లో నిలబడి.

బయటికొచ్చాక గుర్తొచ్చింది నాకు పందెం. ఇక ఆ చీకటి గది లేదు, ఆ టంగుమనే చప్పుడు లేదు. ఇంటి మలుపు రాకముందే వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాను. బాపు కంగారుపడి అడిగితే అంతా చెప్పేశాను. ఆయన దారి మధ్యలో ఆగిపోయాడు.

"ముందుగాల చెప్పొద్దా బిడ్డా? దా, జల్ది దా."

టిఫిన్ గిన్నె నా చేతిలో పెట్టి వెనక్కి తిరిగాడు. షాపులోకి పోతూనే "ఇంకొక్కసారి నడుపుత అల్లుడా" అన్నాడు. మళ్లీ నవ్వుకోవచ్చని బావ సంబరంగా ఒప్పుకున్నాడు.

ఈసారి చుట్టూ తిరగలేదు. కిందికి చూడలేదు. కూర్చోవడం, తొక్కడం ఒక్కసారే. కారు ఎగిరింది! ఒక కారును దాటాడు, ఇంకోదాన్ని రాసుకుంటూ దాటాడు, మలుపు ఆగకుండానే తిప్పేశాడు. పిల్లల అరుపులు, బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను టిఫిన్ గిన్నె గలగలమంటుంటే గెంతుతున్నాను. ముందు ఇక రెండే కార్లు. టైముంది. గెలిచేస్తున్నాం!

అప్పుడెందుకో తెర మీది నుంచి చూపు తిప్పి బాపును చూశాను. పెదాలు బిగబట్టాడు. మెడ నరాలు లేచి ఉన్నాయి. బొగ్గు దుమ్ములోంచి చెమట ధారలు కడుతోంది. ఒకసారి పండక్కి కంపెనీ వాళ్లు మమ్మల్ని ఓపెన్‌కాస్టు చూడ్డానికి తీసుకుపోయారు. గుండ్రంగా లోతుకు దిగిపోయే ఆ మట్టి రోడ్డు మీద, ఒక పక్కంతా గొయ్యి ఉన్న రోడ్డు మీద, ఈ మనిషి రోజూ మెల్లగా పోతాడు కాబట్టే రోజూ బస్సు దిగి ఇంటికొస్తున్నాడు. నాకు చాలా భయమేసింది. అది డబ్బాలో కారని తెలుసు. అయినా భయమేసింది.

"బాపూ, ఆపు! మెల్లగ పో!" అని గొంతు చించుకుని అరిచాను.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు బాపు కాలు పైకి లేచింది. ఆ రెండు కార్లూ వెళ్లిపోయాయి. టైమైపోయింది.

బావ నెత్తి పట్టుకున్నాడు. "గెలిచేటోనివి కద మామా! ఎందుకాపినవ్?"

"ఎవలు ఆపుమన్న ఆపాలె అల్లుడా. మా దగ్గర గదే రూలు." బాపు భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుని, హాయిగా ఊపిరి వదిలి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇల్లు చేరేదాకా గెంతుతూనే ఉన్నాను. పందెం ఓడిపోయినందుకు అంత సంతోషపడ్డ మనిషి మా ఖనిలో ఇంకెవరూ ఉండరు.

మాట మాటే కాబట్టి తర్వాత ఆ షాపు మెట్టెక్కలేదు. ఆదివారం పొద్దున్నే బావే మా గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"దా, పోదం. పందెం లేదు, గిందెం లేదు. గని ఒక్క షరతు. నేను నడిపేటప్పుడు మాత్రం మెల్లగ అని ఒర్రొద్దు."

ఒర్రనని ఒట్టేసి వాడి వెంట షాపుకు పోయాను. బావ తన రికార్డు తానే బద్దలు కొట్టబోతున్నాడు, స్పీడు మీదున్నాడు, ఎదురుగా మలుపు. ఇక నా వల్ల కాలేదు. అరిచాను. నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతూనే, బావ యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశాడు.