బలుసు కాయ మీద చిల్లు

ఆ రోజు పొద్దున మా కంచె అవతలి తోటలో కాఫీ కాయలన్నీ దూసేశారు. పండినవి, పచ్చివి, ఇంకా గింజ కట్టనివి, ఏదీ మిగల్చలేదు. నలుగురు మనుషులు ఒక చేత్తో కొమ్మ వంచి, రెండో చేత్తో దూసుకుంటూ పోయారు. కాయలు గోనెసంచుల్లోకి, సంచులు మరిగే నీళ్ల డ్రమ్ములోకి, అక్కడినుంచి గుంటలోకి. పైన మట్టి కప్పి కాళ్లతో తొక్కారు. ఆ తోట ఒక పెద్దావిడది. నేను అప్పా అని పిలుస్తాను. ఆమె మిరియాల తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టు మొదట్లో కూర్చుని చూసింది. నేను అరుగు మీద కుర్చీలో, సిమెంటు కట్టు వేసిన కాలు స్టూలు మీద పెట్టుకుని చూశాను. లేచి వెళ్లలేను. వెళ్లినా చేయగలిగింది లేదు. ఆ కాయలు గుంటలో పడటానికి కారణం నేనే.

ముప్పై ఏళ్లు పేపరుకు ఏజెన్సీ కొండల వార్తలు రాశాను. రంపచోడవరంలో మొదలుపెట్టి, పెదబయలులో కొన్నాళ్లుండి, చివరికి డుంబ్రిగుడ దగ్గర ఈ చిన్న ఇంట్లో ఆగాను. రిటైరైన రెండో ఏడు, వానలు వెనకబట్టే రోజుల్లో, బావి దగ్గర నాచు మీద జారి మోకాలి కింద ఎముక విరిగింది. మూడు నెలలు కదలొద్దన్నారు.

తిరగడం తప్ప మరో పని నేర్చుకోని మనిషికి అరుగు కూడా జైలే. కళ్లెదుట ఉన్నది కంచె, కంచె మీద పడి పెరిగిన పిచ్చిమొక్కలు. పది రోజులు వాటిని చూసి విసుక్కున్నాక, పదకొండో రోజు నుంచి చదవడం మొదలుపెట్టాను. లంటానా ఆకు మీద తెల్లటి వంకర గీత ఒకటి ఉండేది. ఆకు రెండు పొరల మధ్య పురుగు తింటూ నడిచిన దారి అది. సన్నగా మొదలై, పురుగు ఎదిగిన కొద్దీ వెడల్పవుతుంది. కానుగ ఆకుల మీద వేళ్లలా లేచిన బుడిపెలు కంటికి ఆనని ఆకునల్లి పని. మద్ది ఆకు మీది ఉండను బ్లేడుతో కోస్తే లోపల చిన్న గది, గదిలో పిల్ల పురుగు. ఎటూ తలుపు లేదు. దాని సంగతి నాకు బాగానే అర్థమైంది.

"ఏటి పేపరు బాబూ, కాలిరిగితే పురుగుల పిచ్చి పట్టిందేటి నీకు?" అని అప్ప నవ్వేది. తోటకు పోతూ వస్తూ దారిలో ఆకులు తెంపి నా ఒళ్లో పడేసేది. ఒకసారి అంచున గుండ్రంగా, కత్తెరతో తీసినట్టున్న ఆకు తెచ్చింది. ఏ పురుగు తిందో అన్నాను.

"తినడమేటి? తేనెటీగ లాటిది ఒకటుంది. ముక్క కోసి గూటికి అట్టుకుపోద్ది. ఇన్నేళ్లూ పేపర్లో ఏటి రాసీవోడివి నువ్వు?"

ఒక మధ్యాహ్నం ఆమె బలుసు కొమ్మ తెచ్చింది. పసుపు తిరుగుతున్న కాయ, దాని బొడ్డు దగ్గర గుండుసూదితో పొడిచినంత చిల్లు. "ఇదేటో సూడు. నేనెప్పుడూ సూడ్నేదు," అంది.

బలుసు కాఫీకి దూరపు చుట్టం. ఆ వారం కొండ మీద ఎవరి నోట విన్నా కాఫీ కాయ తొలిచే పురుగు మాటే. దాని గుర్తు కూడా బొడ్డు దగ్గర చిల్లే. అది కనిపించిన తోటలో కాయ మిగల్చకుండా దూసి పాతేస్తున్నారు. అప్ప మొక్కలు నాటి నాలుగేళ్లు. అదే మొదటి నిండు కాపు, రెండు వారాల్లో కోత.

"ఇది మా తోటలోకొస్తే ఏటవుద్ది బాబూ?"

"రాదులే అప్పా," అన్నాను. ఆమె వెళ్లగానే కాయను దగ్గరగా ఫోటో తీసి, పాత విలేకరుల గ్రూపులో పెట్టాను.

మా పనిలో ముఖ్యమైన మాట ముందు రాస్తాం, మిగతాది తర్వాత. పేజీలో చోటు చాలకపోతే డెస్కువాళ్లు కింది నుంచి కోస్తారు. నేను మూడు వాక్యాలు రాశాను. డుంబ్రిగుడ దగ్గర కాయకు చిల్లు కనిపించింది, కాఫీ పురుగు గుర్తులా ఉంది. పక్కనే కాఫీ తోట ఉంది. ఈ కాయ మాత్రం బలుసుది, తెలిసినవాళ్లు చూసి చెప్పాలి. సాయంత్రానికి ఆ ఫోటో వేరే గ్రూపు నుంచి తిరిగి నాకే వచ్చింది. మూడో వాక్యం లేదు. ఎవరు కోశారో అడగలేదు. కోయడానికి వీలుగా రాసింది నేనే.

మర్నాడు ఆ ఫోటో పట్టుకుని కాఫీ తోటల అధికారులు వచ్చారు. అప్ప తోటలో వరసలన్నీ వెతికారు. చిల్లులున్న కాఫీ కాయలు గుప్పెడు దొరికాయి. కోస్తే లోపల గింజ తిన్న ఆనవాలుంది, పురుగు లేదు.

"బలుసుదని సెప్పు బాబూ, నేనే గదా తెంపి తెచ్చాను," అని అప్ప కంచె అవతలి నుంచి అరిచింది.

చెప్పాను. ఆఫీసరు అరుగు దగ్గరికి వచ్చి చేయి చాపాడు. అరచేతిలో ఆమె తోట కాయలు.

"మరి ఇవేంటి సార్? ఫోటో పెట్టిందీ మీరే, కాదంటున్నదీ మీరే. రేపు పక్క తోటలకు పాకితే అడిగేది నన్నే కదా?"

ఆ చిల్లులు నిజం. అవి ఎవరివో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. కొన్ని కాయలు సీసాలో వేసి పరీక్షకు తీసుకెళ్లారు. తోటలో మిగతావన్నీ గుంటలో పడ్డాయి.

సాయంత్రం అప్ప కంచె దగ్గర నిలబడింది. తిడుతుందనుకున్నాను.

"నీ కాలు బాగుంటే ఊళ్లంట తిరిగీవోడివి. నా కాపు నాకుండీది," అంది. నవ్వుతూనే అంది. ఆ తర్వాత ఆకులు తేలేదు.

కట్టు విప్పారు. ఇప్పుడు కర్రతో కంచె దాకా నడుస్తున్నాను. గుంట మీద మట్టి కుంగి, పిచ్చిమొక్కలు లేచాయి. ఆ బలుసు కాయను అప్పుడే మందుల సీసాలో వేసి మూతికి గుడ్డ కట్టాను. అది ఎండి ముడుచుకుంది, లోంచి ఏదీ బయటికి రాలేదు. వేసవి జల్లుకు తోట మళ్లీ పూసి పిందె దిగింది. ఈ కాపునైనా ఉంచుతారో లేదో కనుక్కుందామని అప్ప ప్రతి సంత రోజూ ఆఫీసుకు వెళ్తోంది. పరీక్ష రిపోర్టు రాలేదంటున్నారు. గుంటలో పాతిన కాయల్లో ఆ పురుగు ఉందో లేదో ఇవాళ్టికీ ఎవరూ చెప్పలేదు.