దర్వాజ కాడ బుచ్చమ్మక్క

మల్దకల్ తిమ్మప్ప మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే ఆగి నవ్వుకుంటారని తెలుసు. కృష్ణలో పట్టిన వాలుగ చేప పొట్టలో సైకిలు బెల్లు దొరికిందనీ, నొక్కితే ఇంకా మోగిందనీ జీపు నిండా జనానికి చెప్పి నమ్మించినవాణ్ని నేను. వాళ్ల నవ్వు వాళ్లది. ఒట్టు మాత్రం నాది.

నిన్న సాయంత్రం నాగర్‌కర్నూల్‌లో మా ఇంటి పెరట్లో కాళ్లు కడుక్కుందామని నల్లా తిప్పాను. రోహిణి ఎండకు మిద్దె మీది ట్యాంకు కాగిపోయి, నీళ్లు వెచ్చగా పాదాల మీద పడ్డాయి. ఒక్కసారిగా ఒళ్లు జలదరించింది. “ఏందయ్య, నీళ్లల్ల కరెంటొస్తున్నదా?” అంది మా ఆవిడ. కరెంటు కాదు. చాలా ఏళ్ల కిందట, నేను కొల్లాపూరు నుంచి కృష్ణ ఒడ్డు రేవు దాకా జీపు తోలే రోజుల్లో, ఒక వేసవి సాయంత్రం ఇదే వెచ్చదనం నా పాదాలు దాటి, మోకాళ్లు దాటి, నడుం దాకా వచ్చింది. ఆ నీళ్లలోకి నాకంటే ముందు దిగిన మనిషి గురించి మీకు చెప్పాలి. మీరామెను చూసి ఉండరు. చూస్తే మరిచిపోయి ఉండరు.

పేరు బుచ్చమ్మ. రేవులో చాయ్ హోటలు ఆమెది, అవతలి ఒడ్డుకు తిరిగే మోటారు పడవా ఆమెదే. మొగుడు పోయాక పడవను అల్లుడు సాయిలు చేతిలో పెట్టింది. అతను అవతలి ఒడ్డున ఉంటాడు, కూతురు మణెమ్మను అక్కడికే ఇచ్చింది. బుచ్చమ్మక్క భారీ మనిషి, కంచు గొంతు. మాట్లాడితే తిట్టినట్టుండేది, తిడితే ముద్దు చేసినట్టుండేది. నేను పెద్దమందడి నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాణ్ని. మొదటి రోజే “ఏం రా చంద్రిగా, జీపు తోలుతవా, కోతలు కోస్తవా?” అంది. రెండూ చేస్తానన్నాను. అప్పటినుంచి నా చాయ్‌కి అడగకుండానే చక్కెర ఎక్కువ పడింది.

ఆమె పుట్టిన ఊరు నీళ్ల కింద ఉంది. డ్యాం కట్టినప్పుడు ఊరు ఊరంతా మునిగింది. ఇళ్లు కరిగిపోయాయి గానీ, ఊరి చుట్టూ కట్టిన పాత రాతిగోడ కరగలేదు. మా రేవు దగ్గర మొదలై ఏటి లోపలికి సాగి, చివర ఒక బురుజుతో ఆగుతుంది. వానాకాలంలో దాని మీద తాటిచెట్టు లోతు నీళ్లుంటాయి కాబట్టి పడవలకు దాని ఊసే పట్టదు. ఎండాకాలం నీళ్లు తగ్గాక గోడ తల నీటి అంచుకు కొంచెం కింద దాక్కుని ఉంటుంది. కంటికి కనబడదు. గాలి లేస్తే మాత్రం ఎక్కడినుంచో నున్నగా వచ్చిన అల ఆ రాళ్లు తగలగానే పడగెత్తి, తెల్లగా విరిగి పడుతుంది. గోడకూ బురుజుకూ నడుమ ఒక సందుంది. ఊరు బతికున్నప్పుడు అది ఊరి దర్వాజ. ఎడ్లబండ్లు పోయిన ఆ దర్వాజలోంచే వేసవిలో పడవలు రావాలి. వేరే దారి లేదు.

అందుకని ఆ కాలంలో రేవుకు తెల్లవారేది బుచ్చమ్మక్క మాటతోనే. పొయ్యి ముట్టించకముందే నీళ్లలోకి దిగి, మోకాళ్ల దాకా నిలబడి, పడమటకు తిరిగి కాసేపు గాలిని చూసేది. తర్వాత ఒడ్డున చాపలు పరుచుకుని కూచున్న జాలరులకు, ప్రయాణికులకు వినబడేలా చెప్పేది: “నీళ్లు వెచ్చగనే ఉన్నయి. గాలి ఇంక పండుకొనే ఉన్నది. పొద్దు నెత్తి మీదికొచ్చేదాక దర్వాజ తెరిసుంటది. అటెన్క మూసుకుంటది. వాన సంగతి నాకు తెల్వదు.” రాత్రంతా చల్లారని నీళ్లు సాయంత్రానికి గాలిదుమారం తెస్తాయని ఆమె లెక్క. ఆ లెక్క తప్పిన రోజులూ బోలెడు. తప్పితే మర్నాడు అదే గొంతుతో “నిన్న నేను జెప్పింది తప్పువోయింది” అని చెప్పి మరీ మొదలుపెట్టేది. జాలరులు “నీ గాలి మా వలల పడలే బుచ్చమ్మా” అని ఎగతాళి చేసేవారు. అయినా ఆమె చెప్పందే ఒక్కడూ పడవ తాడు విప్పేవాడు కాదు.

సెల్‌ఫోన్లు వచ్చాక ఈ కబురు అవతలి ఒడ్డుకు చేర్చే ఉద్యోగం నాకు దొరికింది. ఎందుకంటే రేవు మొత్తానికి సిగ్నలు అందే చోటు ఒక్కటే, నా జీపు టాపు. దాని మీదికెక్కి, ఒక కాలు స్టెప్నీ టైరు మీద పెట్టి, బుచ్చమ్మక్క ఫోను చెవికి ఆనించుకుని నేను సాయిలుతో మాట్లాడాలి. కింద నుంచి ఆమె అందించే మాటను పైనుంచి నేను అవతలికి దాటించాలి. అంత ఎత్తున నిలబడ్డాక నాలాంటివాడు ఉన్నది ఉన్నట్టు చెబుతాడా?

ఒకసారి ఆమె “దర్వాజ కాడ జర అల ఉన్నది, పైలంగ రమ్మను” అంది. నేను సాయిలుతో, “అల్లుడా, అల ఎంతుందంటే, మునిగిపోయిన గుళ్లె గంట దానంతటదే మోగుతుంది, ఈడికి వినబడుతుంది” అన్నాను. నేనేదో నవ్వుకోవడానికి అన్నాను. అవతల ఆ సమయానికి కొల్లాపూరు పెళ్లికి రావాల్సిన బ్యాండుమేళం వాళ్లు డప్పులు, సన్నాయిలు పట్టుకుని పడవ ఎక్కబోతున్నారట. గంట మోగిందనగానే దిగి ఇళ్లకు పోయారు. ఆ సాయంత్రం పెళ్లికొడుకు బారాతు నూనె డబ్బాల మోతతో ఊరేగింది. ఊరంతా పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వుతూనే రేవుకొచ్చాను. బుచ్చమ్మక్క నవ్వలేదు. చాయ్ కూడా ఇవ్వలేదు.

“కూసో,” అంది. కూచున్నాను.

“చేప కడుపుల బెల్లు దొర్కిందంటివి. నేనేమన్న అన్ననా?”

“అనలేదక్కా.”

“నిన్నటి మీద నీ ఇష్టమొచ్చినన్ని కోతలు కోసుకో. అయిపోయిందానికి ఏ నొప్పి లేదు. రేపటి మీద ఒక్కటి గూడ కొయ్యకు. దాని మీద మనుషులు కాలు పెడ్తరు రా.”

అప్పుడు తలూపాను, అంతే. మాట లోపలికి దిగలేదు. అది దిగడానికి ఆ సాయంత్రం కావలసి వచ్చింది.

మామిడికాయ బుట్టలు రేవు నిండా ఉన్న రోజులవి. మణెమ్మకు ఏడో నెల నిండింది. తొలి కాన్పుకు తల్లిగారింటికి తీసుకురావాలి. సాయిలు స్వయంగా పడవలో తెస్తానన్నాడు, ఏ రోజన్నది అత్త చెప్పే గాలిని బట్టి. పొద్దున దర్వాజ తెరిచే ఉంది గానీ అటు మంచి గడియ రాలేదట, వాళ్లు కదల్లేదు. పొద్దు తిరిగాక బుచ్చమ్మక్క మళ్లీ నీళ్లలోకి దిగింది. బయటికొచ్చి చీర కుచ్చెళ్లు పిండుకుంటూ, “నీళ్లు చల్లారనే లే. పడమట మబ్బు మోటుగున్నది. గాలి ఎప్పుడు లేస్తదో నాకు తెల్వదు. తెల్వదనే చెప్పు. తెల్వనప్పుడు ఆగుడే మంచిది” అంది.

జీపెక్కాను. ఆ రోజు ఒక్క మాట కూడా కలపలేదు, తిమ్మప్ప సాక్షి.

“అల్లుడా, గాలి సంగతి తెల్వదంటుంది మీ అత్త. తెల్వనప్పుడు ఆగుడే మంచిదంటుంది.”

సాయిలు గొంతు ముక్కలు ముక్కలుగా వినబడింది. “ఈడ గాలే లేదు మామా. ఏరు అద్దం లెక్కున్నది... సరే మామా, ఉంట మరి.” ఫోను తెగిపోయింది.

“ఏమన్నడు?” కింద నుంచి ఆమె.

“ఆడ గాలి లేదంట. ఉంట అన్నడు.”

“ఉండనీ. గదే మంచిది,” అంది బుచ్చమ్మక్క. ఆమె మొహం తేటపడటం పైనుంచి చూశాను.

పడవ వస్తుందంటే గోడ చివర, దర్వాజ పక్కన రాళ్ల సందులో ఒక వెదురు బొంగు నిలబెట్టేవాళ్లం. దానికి తెల్లగుడ్డ కట్టి ఉండేది. నడిపేవాడికి దారి చూపేది అదొక్కటే. గాలికి కొట్టుకుపోతుందని, ఎలాగూ ఇవాళ పడవ లేదు కదా అని, ఆమె జాలరి రాములును పంపి ఆ బొంగు పీకించి తెప్పించింది. దాన్ని హోటలు గోడకు ఆనించి, చాయ్ పెట్టడానికి కూచుంది.

గాలి చెప్పకుండానే లేచింది. మామిడాకులు, దుమ్ము, హోటలు మీది తాటాకు అన్నీ ఒకేసారి లేచాయి. ఏరు రంగు మారింది. గోడ పొడవునా అలలు వరసగా పడగెత్తి విరగడం మొదలైంది. వాటి తెల్లటి నురగ తప్ప ఏమీ కనబడటం లేదు. అప్పుడు రాములు అన్నాడు, చాలా నెమ్మదిగా, వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టే: “బుచ్చమ్మా, అది మన పడవ లెక్కున్నది.”

ఆమె లేచి చూసింది. పడవ ఏటి నడుమ దాటి ఇటే వస్తోంది. పడవ ముందు కొసన, అణియం మీద సాయిలు, వెనక ఒక ఆడమనిషి రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని ఉంది. గాలి వాళ్లను నేరుగా బురుజు మీదికి నెడుతోంది.

“ఉంట అన్నడు గద,” అంది బుచ్చమ్మక్క నా వైపు తిరిగి. “ఉంట అన్నడు గద రా.”

అప్పటిగ్గానీ వెలగలేదు నాకు. ఫోను పెట్టేసే ముందు అందరూ ‘ఉంట’ అంటారు. నేనూ రోజూ అంటాను. అది సెలవు తీసుకునే మాట, అంతే. మనిషి ఎదురుగా ఉంటే ‘వస్త’ అంటాం, ఫోనులో ‘ఉంట’ అంటాం. ఎదురుగా ఉన్న మనుషులతోనే బతికిన బుచ్చమ్మక్కకు ఫోను మర్యాద తెలియదు. ఉంట అంటే, ఉంటాడనుకుంది. అతను మాత్రం నాకు సెలవు చెప్పి, పెళ్లాన్ని పడవ ఎక్కించాడు.

రాములు బొంగు అందుకోబోయాడు. గాలి దాన్ని చేతిలోంచి లాగి ఏట్లో పడేసింది. ఇక చూడటం తప్ప మేం ఏమీ చేయలేదు. ఒడ్డున మేమున్నది మగవాళ్లం అరడజను మంది. ఒక్కడికీ కాళ్లు కదలలేదు. ఎవరో “అయ్యో” అనడం మొదలుపెట్టి, సగంలో ఆపేశారు.

బుచ్చమ్మక్క హోటల్లోకి దూరింది. కూతురి కోసమని గద్వాల నుంచి నేయించి తెచ్చిన చీర పెట్టెలో ఉంది, ఎర్రటి ఎరుపు, జరీ అంచు. దాన్ని పట్టుకుని బయటికొచ్చి నీళ్లలోకి నడిచింది. ఈదలేదు, నడిచింది. నీళ్ల కింద గోడ ఎక్కడుందో ఆమెకు చూడక్కర్లేదు, చిన్నప్పుడు దాని మీద పరుగెత్తిన మనిషి. మోకాళ్లు, నడుం, ఛాతీ. ఒక అల ఆమెను కప్పేసింది. మళ్లీ తల కనబడింది. నేనెప్పుడు దిగానో నాకు తెలియదు. నీళ్ల వెచ్చదనం నడుం దాకా వచ్చాక తెలిసింది, నేనూ నడుస్తున్నానని. అంత గాలిలో అంత వెచ్చగా ఉన్నాయి నీళ్లు. ఒక మనిషి ఒంటిలోకి దిగినట్టుంది.

గోడ చివర, దర్వాజ కాడ, ఆమె నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. ఎర్రటి గుడ్డ గాలికి పటపటా కొట్టుకుంది. ఆమె ఏదో అరుస్తోంది, గాలి ఒక్క మాట కూడా మిగల్చలేదు. సాయిలు చూశాడు. పడవ ముక్కు బురుజుకు అంత దగ్గరగా వచ్చి, తిరిగింది. అల దాన్ని ఎత్తి, రాళ్లకు ఒరుసుకునేలా, దర్వాజలోంచి ఇవతలికి విసిరింది. పక్క చెక్క పగిలిన చప్పుడు నేను విన్నాను. మణెమ్మ కేక మాత్రం వినలేదు. ఆమె అసలు కేక వేయలేదని తర్వాత తెలిసింది.

ఒడ్డుకు చేరాక సగం నీళ్లు నిండిన పడవలో మణెమ్మ కడుపు మీద చెయ్యి పెట్టుకుని కూచుంది. కాసేపటికి “కదులుతుందమ్మా” అంది. అప్పుడు బుచ్చమ్మక్క బురదలో కూలబడింది. అల్లుడి వైపు చూసి, తిట్లేవీ లేకుండా, ఆశ్చర్యపోతున్నట్టు అడిగింది.

“ఉంట అంటివి గద సాయిలూ.”

“ఫోను పెట్టేటప్పుడు అట్లనే అంటరత్తా,” అన్నాడు అతను. “ఉంటమని కాదు.”

“అయితే ఏంది మరి?”

అతను మణెమ్మను దించడానికి పడవలోకి వంగాడు.

కొల్లాపూరు దవాఖానలో, నెలలు నిండాకే, మణెమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఆ గాలిదుమారం లేచిన మర్నాటి వేకువనే బుచ్చమ్మక్క ఎప్పట్లాగే నీళ్లలో నిలబడి గాలి చెప్పిందని చాలామంది నమ్మరు. చెప్పింది. గొంతు మాత్రం చాలా రోజులు బొంగురుగా ఉండిపోయింది. ఆమె పోయి ఇప్పటికి ఎన్నో ఏళ్లయింది. నేను కోతలు మానలేదు, వయసుతో పాటు అవీ ముదిరాయి. కానీ ఇవాళ్టికీ వడ్లు ఆరబెట్టుకున్నవాడో, పెళ్లి పెట్టుకున్నవాడో వచ్చి “వాన పడుతుందా చంద్రన్నా?” అని అడిగితే నా నోటికి తాళం పడుతుంది. “తెల్వదు” అంటాను. ఫోనులో ‘ఉంట’ అన్నవాణ్ని పట్టుకుని “ఉంటవా, బయల్దేరుతవా?” అని అడుగుతాను. విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఇక ఒట్టు సంగతి. ఇందులో నేను కల్పించింది ఒక్కటే ఉంది. పెట్టెలో గద్వాల చీర లేదు. హోటల్లోకి దూరడమూ లేదు, అంత సమయమెక్కడిది? బుచ్చమ్మక్క ఒడ్డున, మా అందరి ముందే, కట్టుకున్న చీర విప్పి చేతికి చుట్టుకుని నీళ్లలోకి దిగింది. తిరిగొచ్చాక రాములు తన తువ్వాలు కప్పాడు. ఆ రోజు గురించి ఎవరడిగినా రాములు ఆమె ఊపిన గుడ్డ దుప్పటి అని చెబుతాడు, ఇంకొకడు పడవ తెరచాప అంటాడు. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు, ఎవరి గుడ్డ వాళ్లు కప్పారు. నాకు చేతనైనంతలో నేను జరీ అంచు చీర కప్పాను.