ఇసుకలో నాటు

మా బచ్చన్నపేట వైపు చెరువు నిండిన ఏడాది నాట్లకు ముందుగా నన్నే పిలిచేవారు. మొదటి పిడికెడు నారు నా చేతితో మడిలో పెడితే ఆ చేను ఎండదని అక్కడి ఆడవాళ్ల నమ్మకం. మా ఆయనకు బొగ్గుబాయిలో పని దొరికి భూపాలపల్లి క్వార్టర్లకు వచ్చాక ఆ చేతికి పని లేకుండా పోయింది. వాకిలంతా సిమెంటు. డబ్బాలో పెట్టిన తులసి కూడా ఆకుల మీద బొగ్గు దుమ్ము పేరుకుని ఎండిపోయింది.

“బొగ్గు ఊరికొచ్చినంక నీ చెయ్యి గూడ సచ్చిపోయింది” అన్నాడు మా ఆయన. నవ్వులాటకే అన్నాడు కానీ ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది.

తెలంగాణ కోసం సమ్మెలు జోరందుకున్న రోజుల్లో పక్క క్వార్టర్ వాళ్లు బదిలీ మీద పోతూ తమ చేపల తొట్టి మాకిచ్చారు. అద్దాల పెట్టె, అడుగున వాగు ఇసుక, కొన్ని రాళ్లు, వేలెడంత చేపలు. మొక్కలు మాత్రం ప్లాస్టిక్‌వి. నీళ్లున్న చోట ప్లాస్టిక్ ఆకులు చూస్తే నాకు ఒళ్లు మండేది. పుట్టింటికి పోయి వస్తూ జనగామలో దిగి, చేపలమ్మే దుకాణంలో అసలు మొక్కలు అడిగాను. సేటు ఏవేవో రకాలు కలిపి ఒకే కవర్లో నీళ్లు పోసి కట్టిచ్చాడు. ఎట్లా పెట్టాలని అడిగితే, “ఇసుకల గుచ్చు అక్కా, అదే పెరుగుతది” అన్నాడు.

గుచ్చడం నాకు కొత్తా? ఇంటికి రాగానే వరి నారు పెట్టినట్టే బొటనవేలితో వేర్లను లోపలికి నొక్కాను. సాయంత్రానికి అన్నీ పైకి తేలాయి. బురదైతే వేలు తీయగానే మూసుకుని వేరును పట్టుకుంటుంది. ఇసుక అట్లా పట్టుకోదు, జారిపోతుంది. మళ్లీ గుచ్చితే మళ్లీ తేలాయి. విసుగొచ్చి మొక్కల్ని మెడ దాకా పూడ్చేశాను. అప్పుడు నిలబడ్డాయి గానీ ఆకులు పసుపు తిరిగి మొదళ్లు మెత్తబడ్డాయి.

ఇసుకలో సత్తువ లేదనుకుని, చేనుకు చల్లినట్టే ఎండిన పశువుల పెండ పొడి చేసి ఇసుక కింద పరిచాను. తెల్లవారేసరికి నీళ్లు చాయ్ రంగుకు తిరిగి కంపు కొట్టాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. బకెట్ల కొద్దీ నీళ్లు పారబోసి, ఇసుకంతా కడిగి మళ్లీ పోసి, బతికున్న మొక్కల్ని మళ్లీ పూడ్చాను.

సమ్మెలో బాయి బందై మా ఆయన పొద్దంతా ఇంట్లోనే. టీవీ ముందు కూర్చున్నట్టు తొట్టి ముందు కూర్చుని నా తిప్పలు చూసేవాడు. “కోతలెప్పుడే? కైకిలోళ్లను మాట్లాడాల్నా?” అనేవాడు. ఇంకో కవరు మొక్కలు తెచ్చి ఆయన నోరు మూయించాలని ఉండేది. జనగామ పోదామంటే బస్సులు లేవు.

చివరికి గుచ్చడానికి ఒకే ఒక్క ముక్క మిగిలింది. అల్లం కొమ్ములాంటి కాండానికి రెండు మందపాటి ఆకులు. అది చేతిలో ఉండగానే పక్కింటామె, అందరూ రోడ్డు మీదికి వచ్చారని, కట్టెలు పట్టుకుని రమ్మని కేక వేసింది. ఆ రోజు వంటావార్పు. ముక్కను తొట్టిలోకి విసిరేసి పోయాను. రోడ్డు మీదే వండి, అక్కడే అందరం తిన్నాం. ఆ తర్వాత రోజుకో ధర్నా. తొట్టి సంగతి మరిచాను.

మళ్లీ చూసేసరికి, అంత కష్టపడి నాటినవన్నీ ఇసుకలో కుళ్లిపోయాయి. విసిరేసిన ముక్క మాత్రం రెండు రాళ్ల సందులో ఇరుక్కుని కొత్త ఆకు వేసింది. సన్నటి వేర్లు రాయిని పట్టుకున్నాయి. సంతోషించాల్సింది పోయి నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

ఈ మధ్య అక్షరాలు నేర్చుకుని, కూడబలుక్కుంటూ ఒక పత్రికలో చదివాను. అటువంటి కాండమున్న మొక్కను ఇసుకలో పూడ్చకూడదట, రాయికి ఆనించి వదిలేయాలట. మిగతా వాటికి కూడా వేర్లే లోపలుండాలి గానీ మొదలు ఇసుకలో మునగకూడదట. ఆ సేటు ఈ ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. చదువుతుంటే మళ్లీ అదే కోపం.

ఆనాడు, రాళ్ల సందులో ఆ కొత్త ఆకు కనబడ్డప్పుడు, మా ఆయన కూడా వంగి చూశాడు. “చూసినవా, నువ్వు చెయ్యి పెట్టకపోతేనే బతికింది.”

“ఇసిరేసింది ఎవరి చెయ్యి?” అన్నాను.

ఆ మొక్కను తీసి ఇసుకలో గట్టిగా నొక్కి పెట్టాలని నా బొటనవేలు గుంజుతూనే ఉంది. దాన్ని ముట్టకుండా, చుట్టూ ఉన్న ఇసుకలోంచి కుళ్లిన వేర్లు ఏరుతూ కూర్చున్నాను.